పిలవదగిన పేర్లు

మా ఆఫీసులో మా వదినకి లిస్టమ్మ అని పేరు పెట్టింది నేనే. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ అర్ధ అధికారం ఇంట్లో ఎన్నడూ సాగలేదు గనక ఆఫీసులో చూపించాను. వారం తిరక్కుండా అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. వదినకి కోపం రాలేదు. ఉన్నమాటే అన్నావు కదా అని ఊరుకుంది.

ఆవిడ సంగతి చెప్పాలంటే మాత్రం ఆఫీసు దగ్గర కాదు, మా వంటింటి గోడ దగ్గర మొదలుపెట్టాలి.

మా అమ్మకి పిలవడం అలవాటు. కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా ఇల్లంతా నడిపేది. కళ్లజోడు కనిపించకపోతే పిలుపు, కనిపిస్తే తుడిచిపెట్టమని పిలుపు. ఎదురింటి తలుపు చప్పుడైతే ఎవరొచ్చారో చూసి చెప్పమని పిలుపు. ఆ పిలుపులకి పదహారేళ్లు నేను పలికాను. కుట్టుమిషన్లు బాగుచేసే మా అన్నయ్యకి పెళ్లయి వదిన రాగానే ఆ ఉద్యోగం ఆవిడకి అప్పజెప్పి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వదిన అప్పటికే ఒకచోట టైపిస్టు. తొమ్మిదింటికల్లా బస్సెక్కాలి. ఆరు నుంచి తొమ్మిదిలోగా అమ్మ తనని ఎన్నిసార్లు పిలుస్తోందో ఒకరోజు వేళ్ల మీద లెక్కపెట్టింది. నలభై రెండు.

ఆ ఆదివారం వంటింటి గోడకి ఒక కాగితం అంటించింది. పైన గుండ్రటి అక్షరాలతో "ఉదయం పూట నన్ను పిలవదగిన పనులు" అని, కింద పదకొండు పనులు. అవి కాక దేనికి పిలిచినా పలకనని నోటితో కూడా చెప్పింది, ఎక్కడా గొంతు పెంచకుండా.

అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. నేను అమ్మ పక్షం. కాగితాన్ని రెండుసార్లు చింపాను కూడా. మూడోసారి వదిన స్టూలెక్కి నా చెయ్యి అందనంత ఎత్తున అంటించింది. రెండు రోజులు అమ్మ కావాలనే లిస్టులో లేని పనులకి పిలిచింది. వదిన గరిటె తిప్పుతూనే ఉంది, వినపడనట్టు కూడా నటించలేదు. వింటోందని మాకు తెలుసు, మాకు తెలుసని తనకి తెలుసు. ఇక ఉండబట్టలేక అన్నయ్య అడిగాడు, అమ్మ పిలిస్తే పలక్కపోవడం ఏమిటని.

"పలకనని నేననలేదే. దేనికి పలుకుతానో ముందే చెప్పానంతే" అంది.

వారం గడిచాక అమ్మ పెన్సిలు పట్టుకొచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, కళ్లలో మందు చుక్కలు వెయ్యడం కూడా రాయకూడదా అని అడిగింది. వదిన వెంటనే పన్నెండోది రాసింది. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. పసుపెక్కి, అంచులు చిరిగి, పంతొమ్మిది పనులతో. అందులో ఆరు ఇప్పుడు అన్నయ్య చేస్తాడు, నాలుగు నేను. అదెప్పుడు జరిగిందో మాకే తెలీదు.

వదిన పనిచేసే ఆఫీసు మూడు గదులు. మెట్ల కింద గది సర్వర్లది, నడిమి గది మా అందరిదీ, లోపలి గది యజమానిది. రక్తపరీక్షలు చేసే ల్యాబులకి వెబ్‌సైట్లు రాసి నడిపే పని. యజమానిని మేం పెద్దాయన అనేవాళ్లం. వదిన చేరినప్పుడు ల్యాబులవాళ్లిచ్చిన రిపోర్టు నమూనాలని చూసి పేజీల్లోకి టైపు చెయ్యడమే ఆవిడ పని. ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు. కానీ ఆవిడకి తన కళ్లముందు తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఒకసారి ప్రోగ్రామర్ రాసినదాంట్లో ఆడవాళ్లకి ఉండాల్సిన రక్తం కొలత మగవాళ్ల వరసలో పడింది. వదిన కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టింది. టైపిస్టు తప్పు పట్టడమేమిటని ఆయన మూడు రోజులు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. నాలుగో రోజు వదిన దాన్ని తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రోగ్రామర్ కుర్చీలో వదిన ఉంది. ప్రోగ్రామ్‌లు రాసే ఆ భాష ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు. బస్సులో అటు గంట, ఇటు గంట, వాడి వాడి నలిగిన ఒక పుస్తకం. అంతే.

తర్వాత కొన్నేళ్లకి, నా ఉద్యోగం ఒకటి పోయి నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు, పెద్దాయనతో చెప్పి నన్ను ఫోన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో ఆఫీసులో ఆవిడకొక్కదానికే తెలుసు. నాకు మూర్ఛలు వచ్చేవి. ఒకసారి అక్కడ అందరి ముందూ వచ్చింది. తర్వాతి నెల నా అవసరం లేదన్నారు. కారణం అడిగితే కారణమేమీ లేదన్నారు. మందులు వాడుతూ మూడు నెలలకోసారి రక్తం ఇస్తే, మందు ఒంట్లో తగినంత ఉందో లేదో రిపోర్టులో చెబుతారు. ఆ పరీక్ష నేను చేయించుకునేది మా వెబ్‌సైటు వాడే ల్యాబులోనే. నా రిపోర్టులు కూడా మెట్ల కింద గదిలోనే ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ఇప్పుడు ఆ ప్రోగ్రామ్ గురించి నాకు అర్థమైనంతవరకు చెబుతాను. నేను ఫోన్లెత్తే మనిషిని, నాకే అర్థమైందంటే మీకూ అవుతుంది.

ఒక్కో పరీక్షకి ఒక్కో క్లాస్ రాసి ఉంటుంది. షుగరు ఒకటి, థైరాయిడ్ ఒకటి, నా మందు పరీక్ష ఒకటి. క్లాసంటే ఒక పనికి కావలసినవన్నీ సర్దిపెట్టుకున్న గది అనుకోండి. మామూలుగా ఆ గదిలో పని చేయించుకోవాలంటే ముందు ఆ క్లాస్ నుంచి ఒక ఆబ్జెక్టుని తయారుచేసి, దానికి పని చెప్పాలి. స్టాటిక్ మెథడ్ అనే రకం పనికి ఆ తతంగం లేదు. క్లాస్ పేరు, పక్కన రెండు జంట చుక్కలు, పని పేరు రాస్తే చాలు, పని అయిపోతుంది. ఇంకా తమాషా ఏమిటంటే ఆ పేర్లు ప్రోగ్రామ్‌లో ముందే రాసి ఉండక్కర్లేదు. వేరియబుల్‌లో పెట్టి పిలవొచ్చు. వేరియబుల్ ఒక చీటీ లాంటిది. చీటీలో థైరాయిడ్ అని ఉంటే థైరాయిడ్ పలుకుతుంది, షుగరని ఉంటే షుగరు పలుకుతుంది. పిలిచే లైను మాత్రం ఒక్కటే.

ఆ భాష పాత వెర్షన్లలో క్లాస్ పేరు చీటీలో ఉంటే జంట చుక్కలతో నేరుగా పిలవనిచ్చేది కాదట. దానికో మధ్యవర్తి ఫంక్షన్ ఉండేది. క్లాస్ పేరూ పని పేరూ జతచేసి దాని చేతిలో పెడితే అది వెళ్లి పిలుచుకొచ్చేది. కొత్త వెర్షన్‌లో నేరుగా పిలవొచ్చని తెలిసిన రోజు వదిన ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా అన్నయ్యకి ఆ సంగతి చెప్పింది. అన్నయ్యకి ముక్క అర్థం కాలేదు. కానీ ఆవిడ మొహం చూసి, చాలా మంచిదన్నమాట, అన్నాడు. ఇదెందుకు చెబుతున్నానంటే, వదినకి కొత్తంటే భయమని తర్వాత కొందరన్నారు. వాళ్ల మొహం. ఆ కొత్తని మా ఆఫీసులోకి తెచ్చిందే ఆవిడ.

తెచ్చింది గానీ, దాని ముందు ఒక లిస్టు పెట్టింది. రిపోర్టు చూసుకునే మనిషి లింకు నొక్కితే, పైన అడ్రస్‌లో పరీక్ష పేరూ చెయ్యాల్సిన పని పేరూ వస్తాయి. ఆ పేర్లు బయటినుంచి వచ్చేవి. ఎవరైనా అక్కడ ఏదైనా టైపు చెయ్యొచ్చు. అందుకని ప్రోగ్రామ్ ఎవర్నీ పిలవకముందే వదిన రాసిన లిస్టులో చూసుకుంటుంది. నలభై మూడు పరీక్షలు, ఒక్కో పరీక్ష పక్కన బయటివాళ్లకి చేసిపెట్టదగ్గ పనులు. పేరు అందులో ఉంటేనే పిలుపు. లేకపోతే తెరమీద ఒక్కటే మాట: "ఈ పేరు మాకు తెలియదు." ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు మా వంటిల్లే గుర్తొచ్చేది.

ఎనిమిదేళ్లు ఏ గొడవా లేదు. తర్వాత పెద్దాయనకి మోకాళ్ల ఆపరేషనయింది. శనివారం మాత్రం వచ్చి వెళ్లేవారు. రోజువారీ పెత్తనం ఆయన అల్లుడికొచ్చింది. ఆయన్ని మేం ఎదురుగా సార్ అనీ వెనకాల అల్లుడుగారనీ అనేవాళ్లం. చెడ్డమనిషి కాదు. తెలివైనవాడు, మాట మెత్తన, చేతులు చురుకు. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఈ కథకి మూలం ఒక పుస్తకం. అట్టకి గుడ్డ అంటించిన పెద్ద నోటుపుస్తకం. ప్రోగ్రామ్‌లో ఏ చిన్న మార్పు చేసి సర్వర్‌కి ఎక్కించినా అందులో రాయాలి. తేదీ, మార్పు ఏమిటి, చివరి గడి "బాధ్యత". ఆ గడిలో ఒకరు పెన్నుతో సంతకం పెట్టాలి. సంతకం లేకుండా ఏదీ ఎక్కకూడదని పెద్దాయన పెట్టిన నియమం. శనివారం శనివారం ఆయన కూర్చుని, వేలితో ఆ గడి వెంట పైనుంచి కిందికి చూసుకునేవారు. అల్లుడుగారు వచ్చాక చిత్రమైన పద్ధతి ఒకటి దానంతటదే మొదలైంది. మార్పు ఆయనే రాసేవారు, పుస్తకంలో వివరం కూడా ఆయనే నింపేవారు, సంతకం మాత్రం ఎవరి బల్ల దగ్గరగా ఉంటే వాళ్లది. రెండేళ్లలో ఆ గడిలో ఆయన సంతకం ఒక్కసారీ పడలేదు. మేమెవరం పట్టించుకోలేదు.

ఇక తప్పు సంగతి. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టు, తప్పు వదినదే.

ఒక ల్యాబువాళ్లు కొత్త పరీక్ష మొదలుపెట్టారు. దానికి క్లాస్ రాసింది, పరీక్షించింది, సర్వర్‌కి ఎక్కించింది. లిస్టులో ఆ పేరు చేర్చడం మర్చిపోయింది. మర్నాడు సెలవు పెట్టింది. ఎందుకు పెట్టిందంటే, ఆ తెల్లవారుజామున నాకు చాలాకాలం తర్వాత మూర్ఛ వచ్చింది, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు గదిలో ఫోను ఆపమన్నారు, ఆపింది. ఇక్కడ ఆఫీసులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొత్త పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషికీ "ఈ పేరు మాకు తెలియదు" అని కనిపించింది. తమ పేరే తెలియదంటున్నారని కొందరు ల్యాబుకి వెళ్లి పోట్లాడారు. ల్యాబువాళ్లు అల్లుడుగారి మీద విరుచుకుపడ్డారు. లిస్టు ఎక్కడుందో, ఎలా మార్చాలో వదినకి తప్ప ఎవరికీ తెలియదు. ఒంటిగంటకి ఫోను తీసి చూసుకున్నాక ఆఫీసువాళ్ల చేత తన సొరుగులోని సర్వర్ తాళం తీయించి, ఆస్పత్రి వరండాలోంచే చెప్పి ఆ పేరు చేర్పించింది.

మర్నాడు అల్లుడుగారు ఎందుకు సెలవు పెట్టారని అడిగారు. ఇంట్లో పనుందని చెప్పింది. ఎదురు బల్ల దగ్గర నేను తల వంచుకుని ఫోను తుడుస్తూ కూర్చున్నాను. నిజం చెబితే ఆవిడ మీద సగం కోపం పోయేది. చెబితే నా ఉద్యోగం మళ్లీ ఏమవుతుందోనని నాకు భయం. ఆ భయానికి కాపలాగా వదిన తిట్లు తింది. నాకు సిగ్గేసింది. కానీ నోరు విప్పలేదు.

ఆ తర్వాతి మంగళవారం అల్లుడుగారు రెండు లైన్లు రాసుకొచ్చారు. లిస్టంతా తీసేశారు. అడ్రస్‌లో వచ్చిన క్లాస్ పేరు ఒక వేరియబుల్, పని పేరు ఇంకో వేరియబుల్, మధ్యలో జంట చుక్కలు. ముందు, అలాంటి మెథడ్ ఉందా అని ఒక చిన్న ప్రశ్న. ఉంటే పిలుస్తుంది. వంద లైన్ల పని రెండు లైన్లలో తేలిందని, ఇకమీదట కొత్త పరీక్ష రాగానే దానంతటదే పనిచేస్తుందని, ఎవరు సెలవు పెట్టినా ఆగదని చెప్పారు. డిజైనర్ కుర్రది బాగుందంది. నిజంగా బాగుంది కూడా. వదిన తెర దగ్గరికి వంగి రెండుసార్లు చదివింది.

చదివి, ఇది ఎక్కించకూడదని చెప్పింది. అదే ఫోల్డర్లో ఇంకా ఎన్ని క్లాసులున్నాయో చెప్పింది. ఏడాదికోసారి పాత రిపోర్టులన్నీ తుడిచేసేది ఒకటి. ల్యాబు యజమానికి రోగులందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ, ఫలితాలూ ఒకే పట్టీగా ఇచ్చేది ఇంకొకటి. అవీ స్టాటిక్ మెథడ్లే. మన లోపలి పనులకని రాసుకున్నవి, లోపలివాళ్లే పిలుస్తారు గనక అవి ఎవర్నీ ఏమీ అడగవు. రేపు ఎవడో అడ్రస్‌లో ఆ పేరు టైపు చేస్తే ఈ లైను మర్యాదగా వెళ్లి పిలుచుకొస్తుంది.

ఆ పేర్లు బయటివాళ్లకెలా తెలుస్తాయని ఆయనన్నారు. తుడిచేస్తే బ్యాకప్ ఉందిగా అన్నారు. అయినా మెథడ్ ఉందో లేదో చూసే పిలుస్తున్నాను కదా, అన్నారు.

"ఉందా లేదా అని కాదు సార్ అడగాల్సింది, పిలవొచ్చా లేదా అని" అంది వదిన. "తుడిచినదానికి బ్యాకప్ ఉంటుంది. బయటపడ్డ గుట్టుకి ఏ బ్యాకప్ ఉంటుంది?"

ఆయన నవ్వారు. పదేళ్లలో ఎవరైనా అలా చేశారా అని అడిగారు. పదేళ్లు లిస్టుంది సార్ అంది. అక్కడితో ఆయన మెత్తదనం అయిపోయింది. లిస్టు తన చేతిలో ఉంటే ఆఫీసు తన చేతిలో ఉంటుందని వదిన అనుకుంటోందనీ, ఒక్క మనిషి సెలవు పెడితే మూతపడే ఆఫీసు ఆఫీసే కాదనీ అన్నారు. సర్వర్ తాళం వదిన దగ్గరే ఉంటుంది గనక ఎక్కించాల్సింది ఆవిడే. శుక్రవారం నాలుగింటికల్లా పుస్తకంలో సంతకం పెట్టి ఎక్కించాలి, లేదా రాజీనామా కాగితం ఇవ్వాలి. పుస్తకంలో వివరం ఆయనే నింపారు: "పేర్ల జాబితా తొలగింపు. నేరుగా పిలుపు." చివరి గడి ఖాళీగా పెట్టి వదిన బల్ల మీద ఉంచారు.

ఇంటికెళ్లాక ఈ సంగతి అమ్మకి నేనే చెప్పాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం ఒక లిస్టు కోసం వదులుకుంటుందా, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, ఆ సంతకమేదో పడేస్తే పోదా, అని నేనే అన్నాను. అమ్మ వంటింటి గోడవైపు చూసింది.

"దాని చేత లిస్టు తీయించడం నా వల్లే కాలేదు. ఆ అల్లుడెంత" అంది.

అందులో కొంచెం గర్వం కూడా వినపడింది నాకు. అన్నయ్య మాత్రం ఆ వారమంతా కుట్టుమిషన్లకి నూనె ఎక్కువ పోశాడు.

బుధ, గురువారాల్లో వదిన మామూలుగా వచ్చింది, మామూలుగా పనిచేసింది. నిమ్మకు నీరెత్తినట్టుందని డిజైనర్ నా చెవిలో ఊదింది. లోపల అలా లేదని నాకు తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచేది గానీ పేజీ తిప్పేది కాదు. ఒకసారి నేనే అడిగాను, సార్‌కి నా సంగతి చెప్పేస్తే నీ మీద కోపం తగ్గుతుందేమో కదా వదినా, అని. గట్టిగా నా మోకాలి మీద కొట్టింది.

"నీ సంగతి నీది. చెప్పాలనిపించినప్పుడు నువ్వు చెప్పుకో. నా బేరానికి నీ గుట్టు తెచ్చి పెట్టకు."

శుక్రవారం నాలుగింటికి అల్లుడుగారు నడిమి గదిలోకి వచ్చారు. వదిన లేచి నిలబడింది. సంతకం పెట్టనంది. రాజీనామా రాయనంది. తనని తీసేయాలనుకుంటే సార్‌నే రాయమంది, ఎందుకు తీసేస్తున్నారో కారణంతో సహా. కారణం మాత్రం దాచకుండా రాయండి, పెద్దాయన చదువుతారు, అంది. గొంతు ఒక్క వీసం కూడా పెరగలేదు. అదే గొంతు, స్టూలు మీదినుంచి మాట్లాడిన గొంతు.

ఆయన మొహం ఎర్రబడింది. మీరు పెట్టకపోతే ఆఫీసులో మనుషులే లేరా, అని పుస్తకం తీసుకెళ్లి, ప్రోగ్రామ్‌లు సరిచూసే టెస్టర్ ముందు పెట్టారు. టెస్టర్ నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. ఆయన పెన్ను తీసుకున్నాడు, మూత తీశాడు, వివరం చదివాడు. మళ్లీ చదివాడు. నేనింకా దీన్ని పూర్తిగా పరీక్షించలేదండీ అని నసిగి, పుస్తకాన్ని మెల్లగా పక్క బల్ల మీదికి జరిపాడు. డిజైనర్ బొమ్మలూ రంగులూ తప్ప తనకేం తెలియవని చెప్పింది, మంగళవారం బాగుందన్న పిల్లే. అలా పుస్తకం బల్ల నుంచి బల్లకి జరుగుతూ నా దగ్గరికొచ్చి ఆగింది.

అల్లుడుగారు నా వైపు చూసి, ఇది లాంఛనం మాత్రమే, ఏ ప్రమాదమూ లేదు, అన్నారు. వదిన వెళ్లిపోతే ఎక్కింపుల పని నాకే నేర్పిస్తానని కూడా అన్నారు. ఫోన్ల బల్ల నుంచి ఆ కుర్చీకి వెళ్లడమంటే నాకు ఆశ లేదని అబద్ధం చెప్పను. పెన్ను నా చేతిలోనే ఉంది. బాధ్యత అన్న గడి తెల్లగా ఉంది. వదిన నా వైపు చూడలేదు. కావాలనే కిటికీ వైపు తిరిగి నిలబడింది, చూస్తే నన్ను బలవంతపెట్టినట్టవుతుందని.

ఆ గడి చూస్తుంటే నాకు మెట్ల కింద గది గుర్తొచ్చింది. అక్కడ నా పేరుంది, నా ఫోన్ నంబరుంది, మూడు నెలలకోసారి నా ఒంట్లో ఆ మందు ఎంతుందో ఉంది. నాలాంటివాళ్లు ఇంకెందరో. ఎవరి భయం వాళ్లకుంటుంది. చీటీ మీద రెండు మాటలు రాసి ఎవడైనా మమ్మల్నందర్నీ వరసగా పిలుచుకోవచ్చన్నమాట, అందుకు నేను సంతకం పెట్టాలన్నమాట. ఒళ్లు మండింది. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న మంట అది, మొదటి ఆఫీసులో కారణమేమీ లేదన్న రోజు నుంచీ ఉన్నది.

"సార్, నా రిపోర్టులు కూడా అందులోనే ఉన్నాయి" అన్నాను. "నాకు మూర్ఛలు. మందు వాడతాను. ఆ రోజు వదిన సెలవు పెట్టింది నా కోసమే. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నేనే చెబుతున్నాను. నా గుట్టు నేను చెప్పుకుంటాను. మీ లైను చెప్పకూడదు."

మూర్ఛ వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. పెన్ను పుస్తకం మీద పెట్టి, రెండూ కలిపి ఆయనకిచ్చాను.

అప్పుడు తిరిగింది వదిన. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం పొడిగానే ఉంది.

"ప్రమాదమేమీ లేదన్నారుగా సార్. అయితే మీరే పెట్టండి. పెట్టిన మరుక్షణం నేను ఎక్కిస్తాను. తాళం ఇదిగో."

అల్లుడుగారు పుస్తకం అందుకున్నారు. నా బల్ల అంచు మీద పెట్టుకుని వంగారు. పెన్ను ముల్లు ఆ గడికి ఆనబోయి ఆగింది. ఆ పుస్తకంలో ఆయన రాసిన మార్పులు ఎన్నో ఉన్నాయి. పక్కన మా సంతకాలు వరసగా కనిపిస్తున్నాయి, టెస్టర్‌ది, డిజైనర్‌ది, నాలుగైదు నావి కూడా. ఆయన వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. వీధిలో ఏదో బండి వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది, అది తీయడం అయిపోయి వెళ్లిపోయింది కూడా. ఆయన ఇంకా వంగే ఉన్నారు.

తర్వాత పెన్నుకి మూత పెట్టారు. సోమవారం చూద్దాం అని, లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

శనివారం పెద్దాయన వచ్చారు, వేలితో గడి వెంట కిందికి దిగుతూ చివరి వరస దగ్గర ఆగారు. ఆయన వివరం చదివారు, ఖాళీ గడి చూశారు, పుస్తకం మూసి అల్లుణ్ని లోపలికి పిలిచారు. లోపలేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అబద్ధమెందుకు, తలుపు దగ్గర నిలబడ్డాను గానీ వినపడలేదు. లిస్టు ఉండిపోయింది, వదినా ఉండిపోయింది. నా ఉద్యోగం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకవేళ అంటే ఏం చెప్పాలో నేను సిద్ధం చేసుకున్నది మాత్రం అలాగే ఉంది. ఎప్పుడైనా పనికొస్తుంది.

సోమవారం పొద్దున వదిన అల్లుడుగారి గదిలోకి తనంతట తానే వెళ్లి, లిస్టు తన ఒక్కదాని చేతిలో ఉంచుకోవడం తప్పని ఒప్పుకుంది. ఆయన అన్నవాటిలో ఆ ఒక్కటీ నిజమనీ, అది తను ఎప్పుడో సరిచేసుకోవాల్సిందనీ చెప్పింది. కొత్త పరీక్ష వస్తే పేరు చేర్చడం ఆఫీసులో ఇంకో మనిషికి నేర్పిస్తానంది. ఎవరికని ఆయన అడిగారు. వదిన తలుపులోంచి నా బల్ల వైపు చెయ్యి చూపించింది. పిలవకుండానే లేచాను.

పుస్తకంలో ఆ శుక్రవారం వరస అలాగే ఉంది. అల్లుడుగారు ఆ పేజీ తీసేద్దామంటే వదిన ఒప్పుకోలేదు. కనీసం కొట్టెయ్యనిమ్మన్నా ఒప్పుకోలేదు. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ పేజీ తెరిచి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపిస్తుంది, ఇంకేమీ వివరించదు. ఇప్పుడు ఆయన మార్పులకి ఆయన సంతకమే ఉంటోంది.

ఆ ఖాళీ వరస కింద వరస నాది. లిస్టులోకి నలభై అయిదో పేరు చేర్చిన రోజు. వివరం నేనే రాశాను, పేరుని మూడుసార్లు సరిచూశాను, బాధ్యత గడిలో సంతకం పెట్టాను. సంతకం కొంచెం వంకరగా పడింది. సరిచేస్తావా అని వదిన అడిగింది. అక్కర్లేదన్నాను.